నా గార పళ్ళు, ఓరల్ హిస్టాలజీ సప్లీ

"ఫ్లోరోసిస్‌లో ఎనామెల్ తయారీ ఏ దశలో దెబ్బతింటుంది?" అని అడిగారు పరీక్ష పెట్టడానికి బయటినుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ మేడం. పళ్ళ డాక్టర్ చదువు బీడీఎస్, ఫస్టియర్, యూనివర్సిటీ వైవా, అంటే నోటితో చెప్పే పరీక్ష. ఎనామెల్ అంటే పంటి పైనుండే గట్టి పొర. ఆ ప్రశ్న వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ షార్ట్ నోట్ ముందు రోజు రాత్రే బట్టీ పట్టాను. సుద్దలాంటి తెల్ల మచ్చలు, గోధుమ రంగు మరకలు, ముదిరితే పంటి మీద గుంటలు, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వస్తుంది, అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేశాను.

మేడం ఓపిగ్గా విన్నారు. "నేనడిగింది దశ. నువ్వు చెప్పింది చూడ్డానికి ఎలా ఉంటుందో. సరే, ఇంత బాగా వర్ణించావు కదా, అలాంటి పళ్ళు ఎప్పుడైనా చూశావా?"

"లేదు మేడం."

పక్కనున్న మా సార్ దగ్గారు. మేడం ఒక్క క్షణం నా నోటి వైపు చూసి, తల వంచుకుని మార్కులు వేసుకున్నారు. నా పైవరస ముందు పళ్ళు రెండూ డికాక్షన్ రంగులో ఉంటాయి. వాటి మీద అడ్డంగా గీతలు.

నేను అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసి నావి గార పళ్ళు. సరిగ్గా తోముకోని వాళ్ళకు వచ్చేవి. ఫ్లోరోసిస్ అనేది పుస్తకంలో నల్గొండ ఫొటో కింద ఉండే ఇంగ్లీషు మాట. ఆ రెండూ ఒకటే అని పద్దెనిమిదేళ్ళ వయసులో, ఏడాదంతా ఎనామెల్ గురించి చదివి కూడా, నాకు తట్టలేదు. నాకు జరిగిందంతా ఈ రెండు మాటల మధ్య జరిగిందే, అందుకే ముందుగా చెబుతున్నాను.

మా సొంతూరు వినుకొండ వైపు ఒక పల్లె. నాన్న తాపీ మేస్త్రీ. నాకు నాలుగేళ్ళప్పుడు పని కోసం గుంటూరు వచ్చేశాం, నల్లచెరువులో అద్దె ఇల్లు. తమ్ముడు గుంటూరులోనే పుట్టాడు. వాడి పళ్ళు మల్లెమొగ్గలు. "తమ్ముణ్ణి చూసి నేర్చుకోవే, ఎంత శుభ్రంగా తోముకుంటాడో" అనేది అమ్మ. వాడు వారంలో మూడు రోజులు బ్రష్ తడిపి పెట్టేసేవాడు, అది నాకు తెలుసు. నేను మాత్రం ఉప్పుతో రుద్దాను, బొగ్గుతో రుద్దాను, ఎవరో చెబితే ఇటుక పొడితో కూడా రుద్దాను. చిగుళ్ళు రక్తం కారాయి గానీ గార పోలేదు. బళ్ళో ఫొటోలకి నోరు మూసుకుని నవ్వడం అలవాటైంది.

నీట్‌లో ఎంబీబీఎస్ ర్యాంకు రాలేదు, బీడీఎస్ సీటొచ్చింది. విజయవాడలో కాలేజీ, హాస్టల్. ఫస్టియర్లో మూడు సబ్జెక్టులు. అనాటమీ అంటే భయంతో కూడిన గౌరవం, ఎందుకంటే అక్కడ శవం ఉంటుంది. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ కలిపి ఒకటి. ఇంటర్లో చదివిన వాసన ఉంటుంది కాబట్టి ఎలాగో లాగేస్తాం. మూడోది డెంటల్ అనాటమీ, ఎంబ్రియాలజీ, ఓరల్ హిస్టాలజీ, అంటే పళ్ళ ఆకారం, పుట్టుక, లోపలి నిర్మాణం. పళ్ళ డాక్టర్ కావాలనుకునేవాడికి అసలు చదువు ఇదే కదా అనిపిస్తుంది. మా బ్యాచ్‌లో అందరూ చివరికి వదిలేసింది దీన్నే. "పళ్ళే కదా, పరీక్ష ముందు చూసుకుందాం."

ఆ సబ్జెక్టులో ఏముంటుందంటే, 20 పాలపళ్ళు, 32 శాశ్వతమైనవి, ఒక్కోదాని కొలతలు మిల్లీమీటర్లలో. ఏ పన్ను గర్భంలో ఎన్నో వారంలో మొదలవుతుంది, ఏ వయసులో పైకొస్తుంది. ఆ తర్వాత సూక్ష్మదర్శినిలో కనిపించేవి. వాటికి పేర్లన్నీ మనుషుల పేర్లే. రెట్జియస్ గీతలు, వాన్ ఎబ్నర్ గీతలు, టోమ్స్ పొర, హంటర్ ష్రెగర్ పట్టీలు, మలాసే కణాలు. ఒక యూరప్ పెళ్ళికి వెళ్ళి చుట్టాలందరినీ పరిచయం చేయించుకున్నట్టు ఉంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో మాత్రం తెలీదు.

మేం చదివిన తీరు కూడా చెప్పాలి. రికార్డులో బొమ్మలు వేయాలి. గులాబీ పెన్సిలు, ఊదా పెన్సిలు, రెండే రంగులు. స్లైడు మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి వేయాలని నియమం. చూసి వేసినవాళ్ళను నేను చూడలేదు. సీనియర్ అక్క రికార్డు ముందు పెట్టుకుని, ఆవిడ ఎవరి రికార్డు చూసి వేసిందో ఆ రికార్డులోని తప్పులతో సహా దించేశాం. మైక్రోస్కోప్‌లో కన్ను పెడితే మొదటి నెల నాకు కనపడింది నా కనురెప్ప వెంట్రుకలే. ల్యాబ్ అటెండర్ బాబాయ్ పాపం వెనకనుంచి, "ముందు లో పవర్లో పెట్టమ్మా, తర్వాత పెంచు, స్లైడు పగలగొడతావు" అని మొత్తుకునేవాడు. ఏదో గులాబీ రంగు కనపడగానే "వచ్చింది బాబాయ్" అని రికార్డు మూసేసేదాన్ని. సంతకం పడితే ఆ పొర సంగతి అయిపోయినట్టే.

నాకు కాస్తో కూస్తో వచ్చింది కార్వింగ్ ఒక్కటే. మైనపు దిమ్మని చెక్కి పన్ను చేయాలి. పైవరస మధ్య పన్ను అయితే కిరీటం పదిన్నర మిల్లీమీటర్లు, వేరు పదమూడు, వెడల్పు ఎనిమిదిన్నర. స్కేలుతో గీత గీసి, కార్వర్‌తో పొరలు పొరలుగా తీసుకుంటూ రావాలి. మేస్త్రీ కూతుర్ని కాబట్టి చెయ్యి వణకదు. కానీ బెజవాడ మే నెల. ఫ్యాను కింద కూడా మైనం మెత్తబడి, చెక్కిన కోరపన్ను సాయంత్రానికి అరటిపండులా వంగిపోయేది. హాస్టల్లో బకెట్ నీళ్ళలో దిమ్మలు పడేసుకుని, తీసి చెక్కి, మళ్ళీ ముంచి, అలా పూర్తి చేశాం. కింది దవడ మొదటి మోలార్‌కి, అంటే నమిలే పెద్ద పంటికి, అయిదు కస్పులని, అంటే మొనలని, అప్పుడు వేళ్ళకు తెలిసింది. అవి అయిదే ఎందుకున్నాయి, దాని కింద రెండు వేర్లే ఎందుకు, అని మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు.

ఫలితాలొచ్చాయి. అనాటమీ పాస్. ఫిజియాలజీ పాస్. ఓరల్ హిస్టాలజీ థియరీలో 41. ఒక్క సబ్జెక్టు పోతే అయిదు మార్కుల దాకా గ్రేస్ ఉంటుందంటారు, అది కలిపినా 50 చేరదు. శవాన్ని కోసి పాసైనదాన్ని పళ్ళ దగ్గర ఫెయిలయ్యాను. ఒకటే కాబట్టి సెకండియర్ క్లాసుల్లో కూర్చోవచ్చు, కానీ సెకండియర్ పరీక్షలకు ముందే దాన్ని సప్లీలో, అంటే మళ్ళీ రాసే పరీక్షలో, గట్టెక్కాలి. హాస్టల్లో మూడు రోజులు దుప్పటి ముసుగు తీయలేదు. నాన్నకి ఫోన్లో చెబితే, "పోన్లేమ్మా, ఏ సబ్జెక్టూ?" అన్నాడు. "పళ్ళు నాన్నా" అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. నవ్వాపుకుంటున్నాడని తర్వాత అమ్మ చెప్పింది.

సంక్రాంతికి నాయనమ్మ ఊరు వెళ్ళాం. నాయనమ్మ ఇల్లు పాతది, వసారా ఇంకా మట్టి నేలే. పండక్కి పేడతో అలుకుతుంది. ఆ భోగి ముందు రోజు నాయనమ్మా మా మేనత్తా ఇద్దరూ కలిసి అలికారు. వసారా మధ్యలో, వంటింటి గడపకి సమాంతరంగా ఒక వరసలో ఎదురెదురుగా కూర్చున్నారు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి, నాయనమ్మ వంటింటి వైపు వెనక్కి జరుగుతూ, అత్త వీధి వైపు వెనక్కి జరుగుతూ, చేత్తో చాపాలు వేసుకుంటూ పోయారు. అత్త వీధి మెట్టు దాకా వచ్చి, చేతులు కడుక్కుని, వాళ్ళింటికి వెళ్ళిపోయింది. నాయనమ్మ వంటింట్లో చిక్కుపడిపోయింది. తడి ఆరేదాకా ఇవతలికి రావడానికి లేదు. నేను వీధిలో ముగ్గు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఇంతలో పక్కింటి కోడి ఒకటి వంటింటి వైపున్న తడి మీద నడిచింది. నాయనమ్మ దాన్ని తిట్టుకుంటూ, కూర్చున్న చోటునుంచే చెయ్యి చాపి, ఆ మేరకు మళ్ళీ పూసేసింది. తర్వాత వీధి వైపు కుక్క నడిచింది. "అత్తా!" అని కేకేశాను. అత్త ఎక్కడుంది? ఆ కాలి గుర్తులు పండగ మూడు రోజులూ అలాగే ఉన్నాయి.

మొదట నవ్వుకున్నాను. తర్వాత ముగ్గు గిన్నె అరుగు మీద పెట్టి అలాగే కూర్చుండిపోయాను. ఏడాదిగా నా రికార్డులో ఊదా రంగు చుక్కలుగా పడి ఉన్న ఒడాంటోబ్లాస్టులూ అమీలోబ్లాస్టులూ ఇవే కదా! రెండు వరసల కణాలు ఒకే గీత దగ్గర ఎదురెదురుగా మొదలవుతాయి. లోపలి వరస, ఒడాంటోబ్లాస్టులు, ఎనామెల్ కింద ఉండే డెంటిన్ పొరని వేస్తూ లోపలికి, పంటి మధ్యలోని మెత్తటి పల్ప్ వైపుకి జరుగుతుంది. బయటి వరస, అమీలోబ్లాస్టులు, ఎనామెల్ వేస్తూ బయటికి జరుగుతుంది. పన్ను నోట్లోకి వచ్చేసరికి బయటి కణాలు రాలిపోతాయి. అందుకే ఎనామెల్ పోతే మళ్ళీ రాదు, వేసేవాళ్ళే లేరు. లోపలి కణాలు పల్ప్ అంచున బతికున్నంత కాలం ఉంటాయి. పన్ను అరిగినా పుచ్చినా ఆ మేరకు లోపలి నుంచి కొత్త డెంటిన్ పూస్తాయి. నాయనమ్మ కోడి అడుగులు పూడ్చినట్టు. ఇంకో సంగతి. ఒడాంటోబ్లాస్టు వెనక్కి జరుగుతూ తన తోకని సన్నటి గొట్టంలో వదులుతూ పోతుంది. డెంటిన్ నిండా ఉండే ఆ గొట్టాలు అలా వచ్చినవే. పచ్చి మామిడికాయ తిన్నాక పళ్ళు పులిశాయంటామే, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటుందే, ఎనామెల్ పోయినచోట ఆ గొట్టాల్లోని ద్రవం కదలడం వల్లేనని బ్రాన్‌స్ట్రోమ్ సిద్ధాంతం. పరీక్షలో ఆయన పేరు రాశాను, స్పెల్లింగుతో సహా. మామిడికాయ సంగతి రాయలేదు.

ఆ రాత్రి నాన్నకి ఇదంతా చెబితే, ఆయన తన పనిలోంచే ఒక ప్రశ్న వేశాడు. "పూసేసి వెళ్ళిపోతే గోడ నిలబడదు కదమ్మా. క్యూరింగ్ ఎవరు చేస్తారు?" సిమెంటు పని చేసి వారం పాటు నీళ్ళు కొట్టకపోతే పైకి బాగానే కనపడుతుంది, లోపల మాత్రం గుల్ల. తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా లాభం లేదు. ఆ మాట వినగానే వైవాలో మేడం అడిగిన దశ ఏదో తెలిసిపోయింది. అమీలోబ్లాస్టులు రెండు పనులు చేస్తాయి. ముందు ఎనామెల్ మెత్తగా వేస్తాయి, అప్పుడు ఖనిజం ముప్పై శాతం లోపే. తర్వాత అక్కడే నిలబడి, లోపల మిగిలిన ప్రోటీన్‌నీ నీళ్ళనీ బయటికి లాగేస్తూ, కాల్షియం, ఫాస్ఫేట్‌ని లోపలికి పంపుతూ ఖనిజాన్ని 96 శాతానికి తెస్తాయి. ఈ రెండోదే మాచురేషన్ దశ. గోడకైతే నీళ్ళు పోయాలి, పంటికైతే నీళ్ళు పోవాలి, అంతే తేడా. ఫ్లోరైడ్ ఎక్కువైతే ముఖ్యంగా ఈ దశే చెడుతుంది. ప్రోటీన్ పూర్తిగా పోదు, పై పొర కింద ఎనామెల్ గుల్లగా మిగిలిపోతుంది.

నాయనమ్మ అద్దం తీసుకుని లైటు కిందికి వెళ్ళాను. ఈసారి నోరు తెరిచి చూసుకున్నాను.

ముందు పళ్ళు గోధుమ రంగు. మొదటి మోలార్లు, అంటే ఆరేళ్ళకి వచ్చేవి, వాటి మీదా మచ్చలు. వాటి వెనక, పన్నెండేళ్ళప్పుడు వచ్చిన రెండో మోలార్లు తెల్లగా ఉన్నాయి. మొదటి మోలార్ కిరీటం పుట్టినప్పుడు మొదలై మూడేళ్ళ లోపు గట్టిపడుతుంది. ముందు పళ్ళవి నాలుగైదేళ్ళకి. రెండో మోలార్‌ది మూడేళ్ళ దగ్గర మొదలై ఏడెనిమిదేళ్ళ దాకా సాగుతుంది. నేను ఈ ఊరి బోరు నీళ్ళు తాగింది నాలుగేళ్ళ దాకా. ఆ తర్వాత గుంటూరులో కృష్ణా నీళ్ళు. క్రోనాలజీ టేబుల్ అని మేం ఏడుస్తూ బట్టీ పట్టిన పట్టిక అక్షరం పొల్లుపోకుండా నా నోట్లో ఉంది. మేం ఊరు మారిన సంవత్సరం కూడా అందులో ఉంది.

అమ్మని లేపి అడిగాను. "నా ముందు పళ్ళు వచ్చినప్పుడే ఇలా ఉన్నాయా?"

"లేదే, వచ్చినప్పుడు తెల్లగానే ఉన్నాయి, సుద్దముక్కల్లాగ. పోను పోను రంగు తిరిగాయి. పాలపళ్ళయితే ముత్యాల్లా ఉండేవి."

అదీ సరిపోయింది. పాలపళ్ళ కిరీటాలు చాలావరకు కడుపులో ఉండగానూ పుట్టిన మొదటి ఏడాదిలోనూ తయారవుతాయి, వాటి మీద ఈ ప్రభావం తక్కువ. గోధుమ రంగు పుట్టుకతో రాదు, ఆ గుల్ల ఎనామెల్‌లోకి నోట్లోకి వచ్చాక రంగు ఇంకుతుంది. గార అనే మాట మనవాళ్ళు రెండింటికీ వాడతారు. ఒకటి పంటి మీద పేరుకునే పాచి గట్టిపడింది, గోడ మీద గారలా పైపైన అంటుకుని ఉండేది. అది గీకితే పోతుంది. రెండోది గోడలోనే ఉన్న లోపం. దాన్ని నేను ఇటుక పొడితో రుద్దాను. తమ్ముడి ముఖం గుర్తొచ్చి ఒళ్ళు మండింది. వాడు తోముకోవడం వల్ల కాదు, కృష్ణా నీళ్ళ వల్ల తెల్లగా ఉన్నాడు.

మర్నాడు ఊళ్ళో భోగిమంట దగ్గర చేరిన జనాన్ని చూశాను. నవ్విన ప్రతివాళ్ళ నోరూ చూశాను. మా వయసువాళ్ళలో చాలామందివి నాలాంటి పళ్ళే. పుట్టిన ఊళ్ళో, బంధువుల మధ్య నిలబడి, "చూడలేదు మేడం" అన్నది నేనే. తర్వాత ఫైనలియర్లో పబ్లిక్ హెల్త్ చదివేటప్పుడు తెలిసింది, మన దేశంలో ఫ్లోరోసిస్ గురించిన తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది మా పక్కనుంచేనని. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలవి. నల్గొండ ఫొటో చూసి ఎక్కడో అనుకున్నాను.

సప్లీకి చదవడం అప్పుడు మొదలైంది. గుంటూరులో మా వీధి చివర డెంటల్ క్లినిక్ డాక్టర్ గారిని అడిగితే పీకిన పళ్ళు ఒక పాత హార్లిక్స్ సీసాలో వేసి ఇచ్చారు. వాటిని బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టి, గ్లోవ్స్ వేసుకుని, కడిగి, వసారాలో పేపరు మీద ఆరబోశాను. అమ్మ చూసి గోల చేసింది. "వంట చేసుకునే ఇల్లా ఇది, స్మశానమా?" కాసేపటికి తనే వచ్చి పక్కన కూర్చుంది. అమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి వెళుతుంది. కాయ చేతిలోకి రాగానే తాలు ఏదో మంచిది ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. గ్లోవ్స్ ఇచ్చాను. అయిదు నిమిషాల్లో నా కంటే ముందు కుప్పలు వేసేసింది. "ఇవి మూడు కాళ్ళవి. ఇవి రెండు కాళ్ళవి. ఇవి ఒంటికాలివి. ఇదేంటే, ఒంటికాలే గానీ మొదట్లో ఒకటై చివర్లో చీలింది?"

మూడు కాళ్ళవి పై మోలార్లు, రెండు కాళ్ళవి కింది మోలార్లు. చివర్లో చీలింది పైవరస మొదటి ప్రీమోలార్, కోరపన్ను వెనకది. అయిదు మార్కుల ప్రశ్న అది. పైదవడ ఎముక మెత్తన, పట్టు కోసం మూడు వైపులా కాళ్ళు చాపాలి, కింది దవడ ఎముక గట్టిది, రెండు చాలు, అని అమ్మకి చెప్పడం కోసం నేను ఆలోచించుకుని చెప్పిన కారణం. అది ఎంతవరకు కరెక్టో పుస్తకంలో చూసుకోవాల్సి వచ్చింది. ఎముక సంగతి నిజమే, కానీ వేర్ల లెక్కకి అదొక్కటే కారణం కాదు. ఎవరికైనా చెప్పాలంటే గానీ మనకి రాని చోటు బయటపడదు. అమ్మ అడిగే ప్రశ్నలు ఏ వైవాలోనూ రావు. "ఇది కుడివైపుదా ఎడమవైపుదా ఎలా తెలుస్తుంది?" అంటుంది. చెప్పాను. "అది తెలిసి ఏం లాభం, పీకేశాక?" అంటుంది. దానికి మాత్రం ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు.

ఒక పంటిని నాన్నకిచ్చాను. స్లైడులో చూసే గ్రౌండ్ సెక్షన్ అంటే పంటిని రెండువైపులా అరగదీసి వెలుతురు దాటేంత పల్చగా చేయడమే. కాలేజీలో దానికి మిషన్ ఉంటుంది. నాన్న దగ్గర ఆకురాయి ఉంది, రకరకాల నంబర్ల వాటర్ పేపర్లున్నాయి. నీళ్ళు పోస్తూ రెండు సాయంత్రాలు ఇద్దరం అరగదీశాం. మొదటిది చేతిలోనే పొడైంది. రెండోది మధ్యలో విరిగింది. మూడోది ఉల్లిపొర అంత కాకపోయినా, పేపరు మీద పెడితే కింద అక్షరాలు కనిపించేంత అయింది.

దాన్ని విజయవాడ తీసుకెళ్ళి, బాబాయ్‌ని బతిమాలి మైక్రోస్కోప్ కింద పెట్టాను. లో పవర్లోనే. కనురెప్పలు కాదు, ఎనామెల్ కనపడింది. అందులో గోధుమ రంగులో వాలుగా సాగిన గీతలు, చెట్టు కాండంలో వలయాల్లాగ. రెట్జియస్ గారు ఆయనే. ఎనామెల్ రోజుకి సుమారు నాలుగు మైక్రాన్లు పడుతుంది, ఆ రోజువారీ గుర్తు ఒకటుంటుంది. కొన్ని రోజులకొకసారి ఈ పెద్ద గీత. నాన్నకి ఫోన్ చేసి చెబితే, "ఓహో, రోజు కూలి రాసుకుని వారానికి లెక్క కట్టినట్టు" అన్నాడు. పాలపళ్ళలోనూ మొదటి మోలార్లలోనూ ఇంకో గీత ఉంటుంది, నియోనేటల్ లైన్. బిడ్డ పుట్టిన రోజున శరీరం అదిరిపోయి పడిన గీత. దానికి లోపల ఉన్నదంతా కడుపులో తయారైంది, బయట ఉన్నది లోకంలోకి వచ్చాక తయారైంది. నాయనమ్మకి తన పుట్టినరోజు తెలీదు, కృష్ణా పుష్కరాలప్పుడు అంటుంది, ఏ పుష్కరాలో చెప్పలేదు. "నీ పంట్లో రాసుంటుంది నాయనమ్మా" అన్నాను. "అది రాలి ఇరవయ్యేళ్ళయిందిగా" అంది.

సప్లీ పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పాసయ్యాను, 63. వైవాలో వేరే ఎక్స్‌టర్నల్, ఫ్లోరోసిస్ అడగలేదు. అడుగుతారేమోనని ఎదురుచూశాను, అదొక అసంతృప్తి.

నేను పాసైన తర్వాత కూడా హిస్టాలజీ అంతా గుర్తుంది అని చెప్పను. సగం పోయింది. థర్డియర్లో ఓరల్ పాథాలజీ క్లాసులో సార్ "రాడిక్యులర్ సిస్ట్ ఏ కణాల నుంచి పుడుతుంది?" అని, అంటే చచ్చిన పంటి వేరు చివర వచ్చే తిత్తి గురించి, అడిగితే క్లాసు మొత్తం బల్లల వైపు చూసింది. మలాసే కణాలు. వేరు తయారయ్యాక తొడుగు చిరిగి మిగిలిపోయిన ముక్కలు. ఫస్టియర్లో అందరం రాసిన షార్ట్ నోటే. ఫస్టియర్లో అది ఎందుకో చెప్పేవాళ్ళు లేరు, థర్డియర్లో అది ఏమిటో గుర్తున్నవాళ్ళు లేరు. మధ్యలో రెండేళ్ళు. ఒక్క పేషెంటు నోరు కూడా చూడకముందే పంటి పుట్టుక మొత్తం చదివిస్తారు. పేషెంటు ముందు కూర్చునేసరికి అది తుడిచిపెట్టుకుపోతుంది. తప్పు మాదీ ఉంది. కానీ మొదటి వారంలోనే మమ్మల్ని ఓపీలో ఒక మూల నిలబెట్టి, పది నోళ్ళు చూపించి, ఆ తర్వాత స్లైడులు చూపిస్తే నా 41 కాస్త పెరిగేదనే నా అనుమానం.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. పిల్లల విభాగంలో పోస్టింగు పడినప్పుడు దాదాపు రోజూ ఒకే సంభాషణ. ఏడేళ్ళ పిల్లాణ్ణి తీసుకొస్తారు, కింది దవడ మోలార్ పుచ్చి ఉంటుంది. "పాలపన్నే కదా మేడం, పీకేయండి, కొత్తది వస్తుంది." అది పాలపన్ను కాదు. ఆరేళ్ళకి పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే మొలుస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. దాని చోట ఇంకోటి రాదు. నేను కాగితం మీద బొమ్మ గీసి, ముందున్న పాలపళ్ళు లెక్కపెట్టించి, ఆరోది ఇదీ అని చూపిస్తాను. ఆ క్రోనాలజీ టేబుల్‌ని తిట్టుకుంటూ బట్టీ పట్టిన రాత్రి గుర్తొస్తుంది.

పోయిన నెల పిడుగురాళ్ళ వైపునుంచి ఒకబ్బాయి వచ్చాడు. పెళ్ళి కుదిరింది, ముహూర్తం ఇరవై రోజుల్లో. "గార తీయండి మేడం, ఎంతైనా ఫర్వాలేదు, మెరిసిపోవాలి" అన్నాడు. నోరు తెరిస్తే నా పళ్ళే. పక్కనున్న నా జూనియర్ అప్పటికే స్కేలింగ్ కుర్చీ వైపు చూపిస్తోంది. ఆగమన్నాను. స్కేలింగ్ చేస్తే పైనున్న పాచి పోతుందనీ, ఈ రంగు పంటిలోపలిదనీ, నాలుగైదేళ్ళ లోపు తాగిన నీళ్ళ వల్ల వచ్చిందనీ, తోముకోకపోవడం వల్ల కాదనీ చెప్పాను. ఆ చివరి మాట దగ్గర అతను నా వైపు అదోలా చూశాడు. పై పొరని కాస్త అరగదీసి మరక తగ్గించే పద్ధతులున్నాయి, లోతుగా ఉంటే మీద తొడుగు వేయాలి, ఇరవై రోజుల్లో ఏది అవుతుందో పళ్ళు బాగుచేసే కన్జర్వేటివ్ విభాగంలో చూద్దాం అన్నాను.

అంతా విని, నా పళ్ళ వైపు చూసి, మొహమాటపడుతూనే అడిగాడు. "మరి మీరెందుకు చేయించుకోలేదు మేడం?"

"స్టైపెండ్ పడనీ" అన్నాను. నోరు తెరిచే నవ్వాను.